గోడలోంచి వచ్చిన చీటీలు

పాలమూరులోని మా కంటి దవాఖానలో ముప్పై ఒక్క సంవత్సరాలు రికార్డు గది నా చేతిలో ఉండేది. నా చదువు మక్తల్ బడిలో ఏడో తరగతి వరకే. అయినా ఆ ముప్పై ఒక్కేళ్లలో ఒక్క రోగి కార్డు పోలేదు. పేరు, ఊరు, వచ్చిన సంవత్సరం చెబితే చాలు, బీరువాలో ఏ అరలో ఉందో చూడకుండానే చెయ్యి పెట్టి తీసేవాడిని. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి నన్ను పరీక్షిద్దామని పన్నెండేళ్ల కిందటి కార్డు ఒకటి అడిగి, గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. రెండు నిమిషాలు నిండకముందే ఆయన చేతిలో పెట్టాను. ఆయన రాసి ఇచ్చిన మెప్పు కాగితం అద్దం కట్టించి గోడకు పెట్టుకున్నాను. మా నాయిన బక్కయ్య జీవితమంతా ఇతరుల చేలల్లో కూలికి పోయాడు. ఆయన కొడుకు గుర్వయ్య పేరు అద్దంలో ఉంది.

ఇంత చేసినవాడిని నేను. అటువంటి నన్ను కూడా నోట మాట రాకుండా నిలబెట్టిన రోజు ఒకటి ఉంది. నిలబెట్టిన మనిషి వజీరా. ఆమె గురించి ఎవరూ రాయలేదు. ఆమె తన గురించి తాను చెప్పుకునే రకం కాదు. చెప్పుకోవడంలో నాకు మొహమాటం లేదు కనుక ఆమె సంగతి కూడా నేనే రాస్తున్నాను.

వజీరాది కూడా మా మక్తల్ వైపే. తండ్రి ఖాసిం గిన్నెలకు కళాయి వేసేవాడు, చిల్లులు పడ్డ బిందెలకు మాట్లు వేసేవాడు. కొలిమి తిత్తి సైకిలుకు కట్టుకుని ఊరూరా తిరిగేవాడు. తల్లి ఇక్బాల్ బీ రవికెలు కుట్టేది. పదో తరగతి అయ్యాక వజీరా మామ ఇంట్లో ఉండి పాలమూరులో టైపు నేర్చుకుంది. ఇంగ్లీషు, తెలుగు రెండూ పాసైంది. 1985లో మా దవాఖానలో టైపిస్టుగా చేరింది. అప్పటికి ఆమెకు ఇరవై నిండలేదు. మాట తక్కువ. ఏదైనా చెడిపోతే అందరం తలో మాట అంటుంటే, ఆమె మాత్రం దాని ముందు కూర్చుని చూస్తూ ఉండేది. ఏం చూస్తున్నావు బిడ్డా అని అడిగితే, "యాడ ఆగిందో చూస్తున్న కాకా" అనేది.

చేరిన మొదటి రోజు ఆమెకు నేను మా దవాఖాన కట్టుబాటు చెప్పాను. కొత్తగా ఎవరు చేరినా మొదట నేను చెప్పే మాట అదే.

దవాఖాన పెట్టిన పెద్ద డాక్టరుగారి కాలంలో ఒక గుమాస్తా మధ్యాహ్నం అన్నానికి పోతూ రోగుల రిజిస్టరు మూసేశాడు. వరండాలో ఒక ముసలాయన ఉన్నాడు. రేపు రమ్మన్నాడు. ఆయన రేపు రాలేదు. మూడు నెలలకు వచ్చాడు. అప్పటికి కన్ను పోయింది. పెద్ద డాక్టరుగారు ఆ రోజు అన్నం తినలేదు. వరండాలో ఒక్క రోగి ఉన్నా సరే, రిజిస్టరు మూయకూడదని చెప్పారు. ఆనాటి నుంచి మా రిజిస్టరు పొద్దున ఎనిమిదింటికి తెరిస్తే ఆఖరి మనిషి గేటు దాటేదాకా తెరిచే ఉండేది. గాలికి పుట ఎగరకుండా కృష్ణా నదిలో దొరికిన నున్నటి రాయి ఒకటి దాని మీద పెట్టేవాళ్లం. ఆ రాయి తీసి రిజిస్టరు మూసే పని నాది. ముప్పై ఒక్కేళ్లలో ఒక్క రోజు కూడా వేళకు ముందు మూయలేదని ఎవరి ముందైనా చెప్పగలను.

1990లో దవాఖానకు కంప్యూటరు వచ్చింది. అప్పటి కంప్యూటరులో బొమ్మలు లేవు. నల్లటి తెర, దాని మీద ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన ముల్లు మొనలాంటి ఒక గుర్తు, ఆ ముల్లు పక్కన మినుకుమినుకుమనే చిన్న గీత. అంతే. ఏం చెయ్యాలో అది చెప్పదు. మనమే దానికి చెప్పాలి, అది కూడా దానికి తెలిసిన మాటల్లోనే. ఒక్క చుక్క తప్పినా మొండికేస్తుంది. డాక్టర్లే వెనక్కి జరిగారు. వజీరా ముందుకు జరిగింది. ఒక్కొక్క ఆజ్ఞ నోటుపుస్తకంలో ఇంగ్లీషులో రాసి, కింద తెలుగులో దాని అర్థం రాసుకునేది. ఆరు నెలల్లో ఆ పుస్తకం నిండింది. ఇప్పటికీ ఆమె దగ్గర ఉంది.

ఆ కంప్యూటరులో కంటి ఆపరేషన్ల కోసం తయారు చేసిన ప్రోగ్రాం ఒకటి ఉండేది. శుక్లం తీసి లోపల అద్దం పెట్టాలంటే కంటి పొడవు, గుండ్రం కొలిచి, ఏ నంబరు అద్దం పడుతుందో లెక్క కట్టాలి. ఆ లెక్క ప్రోగ్రాం కట్టేది. రోగి పేరు, కుడి కన్నా ఎడమ కన్నా, అద్దం నంబరు అన్నీ వేసి చీటీ అచ్చు కొట్టేది. ఆ చీటీ చూసి లోపల డాక్టరు అద్దం పెట్టేవాడు.

ఆ ప్రోగ్రాం మొదటిసారి తెరిచిన రోజున వజీరా పక్కన నిలబడి నేనే చెప్పాను. "ఇది గూడ రిజిస్టరే బిడ్డా. పొద్దుగాల తెరిస్తే ఆఖరి మనిషి పోయేదాక మూయకు."

"సరే కాకా" అంది.

ఆరేళ్లు మూయలేదు. అన్నానికి పోతే తెర మీద గుడ్డ కప్పేది గాని ప్రోగ్రాంలోంచి బయటికి వచ్చేది కాదు. ఈ మాట గుర్తుంచుకోండి.

ఆ రోజుల్లో అచ్చు యంత్రం వజీరా బల్ల మీదే ఉండేది. కరకరమని చప్పుడు చేస్తూ చీటీ కొట్టేది. దాన్ని చింపుకుని, వరండాలో జనాన్ని తప్పించుకుంటూ ఆపరేషన్ గదికి తీసుకుపోయే పని నాది. వజీరా బల్ల నుంచి ఆపరేషన్ గది తలుపు దాకా నలభై రెండు అంగలు. ఆరేళ్లలో ఎన్ని వందల చీటీలు మోశానో, ఒక్కటి కింద పడలేదు, ఒకరిది ఒకరికి పోలేదు.

1996లో ఆ యంత్రం పిన్నులు అరిగి, అక్షరాల తలలు ఎగిరిపోవడం మొదలైంది. దవాఖానవాళ్లు దాన్ని తీసేసి, ఇంకో రెండు కంప్యూటర్లు, అన్నిటికీ పెద్దదిక్కుగా సర్వర్ అనే ఒక కంప్యూటరు, అందరికీ కలిపి ఒకే పెద్ద ప్రింటరు తెప్పించారు. సర్వర్, ప్రింటరు రెండూ నా రికార్డు గదిలోనే పెట్టారు. ఆపరేషన్ గది తలుపు నా గదికి ఆనుకునే ఉంటుంది. వజీరా మాత్రం ముందు హాలులోనే ఉంది. మధ్యలో మూడు గోడలు. వాటికి కంతలు కొట్టి నల్లటి తీగ లాగారు.

బిగించడానికి హైదరాబాదు నుంచి మెహమూద్ అనే ఇంజనీరు వచ్చాడు. నవ్వుతూ మాట్లాడే మనిషి. నాకు అనుమానం వచ్చి అడిగాను.

"సాబ్, మా ప్రోగ్రాం పాతది. గోడల అవతల ప్రింటరున్నదని దానికెట్ల ఎరుక?"

"ఎరుక లేదు కాకా. ప్రింటరు ఇంక తన పక్కనే ఉన్నదనుకుంటది. పొద్దుగాల ప్రోగ్రాం తెరిచే ముందు అక్క గీ ఒక్క లైన్ కొడ్తది. పక్కకు పోయే కాగితాన్ని నడుమల పట్టుకొని తీగ మీదికి మళ్లించు అని. అంతే."

"అంటే దాన్ని మోసం జేస్తున్నమా?"

"మోసమేంది కాకా. ముసలాయన నిద్రల ఉండంగ మంచం ఇంకో ఇంట్ల ఏసినట్టు. లేచినంక గూడ తన ఇల్లే అనుకుంటడు."

వజీరా నవ్వలేదు. ఆ లైన్ నోటుపుస్తకంలో ఎక్కించుకుంటూ ఉంది.

తర్వాత మెహమూద్ మూడుసార్లు పరీక్ష చేసి చూపించాడు. ముందు హాలులో ప్రోగ్రాం తెరిచి, ఉత్తుత్తి పేరు ఒకటి కొట్టి, పంపి, ప్రోగ్రాం మూసి, "పోయి చూడు కాకా" అనేవాడు. నేను నలభై రెండు అంగలు వేసి నా గదికి పోయేసరికి ప్రింటరు నోట్లోంచి కాగితం వెచ్చగా బయటికి వచ్చి ఉండేది. మూడుసార్లూ వచ్చింది. ఇన్నేళ్లు నేను కాళ్లతో మోసిన దూరాన్ని కాగితం నా కంటే ముందు నడిచి వచ్చింది. ఆ మూడో కాగితాన్ని రెండు చేతుల్తో పట్టుకున్నాను. మెహమూద్ సామాను సర్దుకుని, నార్కట్‌పల్లిలో ఇంకొక పని ఉందని బస్సెక్కాడు.

రెండు రోజులకు మంగళవారం వచ్చింది. నెలలో మొదటి మంగళవారం హైదరాబాదు నుంచి ఆపరేషన్ డాక్టరు వచ్చేవాడు. పొద్దున రైల్లో దిగి, సాయంత్రం రైల్లో వెళ్లిపోయేవాడు. ఆ రోజు తప్పితే మళ్లీ నెలకే. ఆ మంగళవారానికి ఇరవై ఆరుగురు ఉన్నారు.

వాళ్లలో మొదటి పేరు ఈదమ్మది. మక్తల్ దగ్గరి పల్లె. కూలి మనిషి. రెండు కళ్లకూ శుక్లాలే, కుడిది మరీ ముదిరింది. అప్పటికి రెండుసార్లు వచ్చి తిరిగిపోయింది. మొదటిసారి దగ్గు ఉందని ఆపారు. రెండోసారి ఆమె వంతు వచ్చేసరికి డాక్టరుకు రైలు వేళయింది. మూడోసారి వస్తే ముందు పెడతానని నేనే మాటిచ్చాను.

"ఏం జేస్తవమ్మా కండ్లొస్తే?" అని అడిగాను, కార్డు తీస్తూ.

"ఏం జేస్త అయ్యా, కలుపు తీస్త. పోయిన వారం జొన్న చేన్ల గడ్డి అనుకొని మొలకలే పీకిన. పటేలు చూసి, అవ్వా నువ్వు నా చేనే పీకేటట్టున్నవు, ఇంటికాడ కూసో అన్నడు. ఇంటికాడ కూసుంటే ఎవరు పెడుతరు?"

ఆమె పక్కన తోడు వచ్చిన సుక్కమ్మ, "గీసారి గూడ తిరిగిపొమ్మంటే బస్టాండ్ల దీన్ని ఇడిసిపెట్టి పోత. మూడు పారి బస్సెక్కించుడు నాతోని గాదు" అంది.

"పో. నిన్నెవరు రమ్మన్నరే" అంది ఈదమ్మ.

ఎనిమిదింటికి వజీరా మెహమూద్ చెప్పిన లైన్ కొట్టింది. ప్రోగ్రాం తెరిచింది. నేను రిజిస్టరు మీద రాయి పెట్టాను. కొలతలు అయినవాళ్లవి అయినట్టు ఒక్కొక్కరి వివరాలు ఎక్కించి చీటీ పంపడం మొదలుపెట్టింది. నా గదిలో ప్రింటరు ముందు నేను నిలబడ్డాను. పచ్చ దీపం వెలుగుతోంది. కాగితాలు నేనే లెక్కపెట్టి పెట్టాను.

తొమ్మిదిన్నర అయింది. ఒక్క చీటీ రాలేదు.

ఆపరేషన్ గది నర్సు కృష్ణమ్మ తలుపు సగం తెరిచి తల బయట పెట్టింది. "గుర్వన్నా, చీటీలు యాడ? డాక్టర్ సాబ్ చాయ్ తాగుడు గూడ అయిపోయింది."

"వస్తున్నయ్" అన్నాను. నలభై రెండు అంగలు వేశాను.

"బిడ్డా, ఒక్కటి గూడ రాలే."

వజీరా తెర మీంచి తల తిప్పింది. "తొమ్మిది పంపిన కాకా. పోయింది అనే అంటాంది."

"యాడికి పోయింది మరి?"

ఆమె పదోది పంపింది. నేను మళ్లీ పోయి చూశాను. లేదు. తీగ ఊడిందేమోనని మూడు గోడల వెంబడి చేత్తో తడుముతూ వచ్చాను. ఎక్కడా ఊడలేదు. ప్రింటరు ఆపి మళ్లీ పెట్టాను. పచ్చ దీపం వెలిగింది. అంతే. నార్కట్‌పల్లికి ఫోను చేయించాం. మెహమూద్ రోడ్డు మీది హోటలుకు తిండికి పోయాడట. వస్తే చెబుతామన్నారు.

పది దాటింది. ఇక నా తెలివి నేను వాడదామనుకున్నాను. నా చేతిరాతకు బడిలో పంతులు అందరి ముందు చప్పట్లు కొట్టించిన రోజులున్నాయి. వజీరా తెర మీద ఈదమ్మ వివరాలు చూసి, ఒక తెల్ల కాగితం మీద గుండ్రంగా, ఎక్కడా కొట్టివేత లేకుండా రాసుకుని ఆపరేషన్ గదికి తీసుకుపోయాను. డాక్టరు దాన్ని చాలాసేపు చూశాడు.

"మీ రాత చాలా బాగుంది గుర్వయ్యా. కానీ చేతిరాత చీటీ మీద నేను కత్తి పట్టను."

"ఎందుకు సార్?"

"ఇంకోచోట ఒకరు ఒకటి రాస్తే నాకు ఏడులాగా కనిపించింది. పెట్టిన అద్దం మళ్లీ తీయవలసి వచ్చింది. ఆ మనిషి మొహం నేను మర్చిపోలేదు. పన్నెండింటి లోపు అచ్చు చీటీలు వస్తే చేస్తాను. ఆ తర్వాత మొదలుపెడితే రైలు లోపు కుదరదు. వచ్చే నెల చూద్దాం."

ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. నా రాతను ఎవరైనా తిప్పిపంపడం అదే మొదలు, అదే ఆఖరు. ఆయన చెప్పింది న్యాయమే.

వరండాలో ఇరవై ఆరుగురు కంట్లో చుక్కలు వేయించుకుని, తలలు వెనక్కి వాల్చి కూర్చుని ఉన్నారు. సుక్కమ్మ నన్ను చూడగానే అందుకుంది. "గోడలల్లకెంచి కాగితాలు వస్తయన్నవంట గదా పెద్దమనిషీ. మా ఊళ్లె మబ్బులల్లకెంచి వానే వస్తలేదు, నీ గోడలల్లకెంచి కాగితాలొస్తయా?" చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఈదమ్మ నవ్వలేదు. తల వాల్చుకునే, "నన్ను మల్ల పొమ్మంటరా అయ్యా?" అంది.

మాటిచ్చిన మనిషిని, ఏమని చెప్పను?

పదకొండుంబావుకు వజీరా తన బల్ల దగ్గరి నుంచి లేచి నా గదికి వచ్చింది. అప్పటికి ఇరవై ఆరు చీటీలూ పంపేసింది. ప్రింటరు వైపు చూడనే లేదు. నేరుగా సర్వర్ ముందు కూర్చుంది. నోటుపుస్తకం చూసుకుంటూ రెండు మూడు ఆజ్ఞలు కొట్టింది. తెర మీద ఒక జాబితా వచ్చింది. దాంట్లో ఒక్కటే వరస. వరస చివర ఒక ఇంగ్లీషు మాట, ఒక అంకె.

"కాకా, మా నాయిన బిందెకు కంత యాడున్నదో ఎట్ల చూస్తడో ఎరుకేనా నీకు?"

"నీళ్లు నింపి చూస్తడు."

"గదే. ఇప్పుడు మనం గూడ నింపి చూద్దం. నువ్వు ఇక్కడ్నే కూసొని గీ అంకె మీద కన్నుంచు. నేను పోయి ఒక చీటీ మల్ల పంపుత. అంకె మారితె చెప్పు."

నాకు ఇంగ్లీషు రాదు, అంకెలు వస్తాయి. కార్డుల నంబర్లు ముప్పై ఏళ్లు చూసిన కళ్లు. తెర మీద చూపు నిలిపాను. కొంచెంసేపటికి నా కళ్ల ముందే ఆ అంకె మారింది. ఒంటరిగా గదిలో కూర్చున్న నాకు, మూడు గోడల అవతల ఆమె వేలు తాకడం కనిపించినట్టే అనిపించింది. లేచి తలుపు దగ్గరికి పోయి అరిచాను.

"పెరిగింది బిడ్డా."

వజీరా పరుగున వచ్చింది. ఆమె పరుగెత్తడం అంతకుముందు నేను చూడలేదు.

"అయితె చీటీలు పోలేదు కాకా. తీగల గూడ ఆగలేదు. అన్ని ఇక్కడికొచ్చి నిండుతున్నయి. నేను ఇరవై ఏడు పంపితె ఇక్కడ ఒక్కటే వరసున్నది, చూడు. ఇదన్నిటిని ఒక్కటే కాగితమనుకుంటాంది. గీ మాటకు అర్థం, ఇంక కలుపుతున్న అని. అయిపోయిందని ఎవరన్న చెప్తరేమోనని చూస్తాంది."

"ఎవరు చెప్పాలె?"

"మెహమూద్ భాయ్ మూడుసార్లు చేసిండు గదా. మూడుసార్లు వచ్చింది. ఆయన చేసింది, నేను చేయంది ఒకటే ఉన్నది."

ఆమె చెప్పకముందే నాకు తట్టింది. అతను ప్రతిసారీ ప్రోగ్రాం మూశాడు.

పాత ప్రింటరు పక్కనే ఉన్నప్పుడు ఏది పంపితే అది వెంటనే కొట్టేది. మూసినా, మూయకపోయినా దానికి తేడా లేదు. ఈ సర్వర్ అట్లా కాదు. ప్రోగ్రాం మూసేదాకా, ఇంకా చెప్పేది ఉందేమో అని మర్యాదగా ఆగి వినే రకం. మనం మూయం. అది వదలదు. వేరే ఏ ఊళ్లో, ఏ దవాఖానలో అయినా అన్నానికో చాయ్‌కో పోతూ ఎవరో ఒకరు మూసేవాళ్లు, చీటీలు వచ్చేవి. మా దగ్గర మాత్రం మూయరు. మూయవద్దని చెప్పిందెవరు? నేను.

"మూయనా కాకా?" అని అడిగింది వజీరా. ఆపైన గొంతు తగ్గించి చెప్పింది. "ఒక్క మాట. నేననుకున్నది తప్పైతె, మూస్తె ఇక్కడ నిండిందంత పోవచ్చు. మల్ల మొదటికెల్లి పంపాలె. పన్నెండుకు గాదు."

గడియారం చూశాను. పన్నెండుకు ఇరవై నిమిషాలు. తలుపులోంచి వరండా కనిపిస్తోంది. తలలు వాల్చుకున్న ఇరవై ఆరుగురు. వరండాలో ఒక్క రోగి ఉన్నా మూయవద్దని పెద్ద డాక్టరుగారు చెప్పిన మాట చెవుల్లో ఉంది. ఆ మాట ఆయన ఎందుకు చెప్పారో కూడా నాకు తెలుసు. ఒక ముసలాయన తిరిగిపోకూడదని. ఇప్పుడు ఆ మాట పట్టుకుని కూర్చుంటే ఒక ముసలమ్మ తిరిగిపోతుంది.

"మూయి బిడ్డా" అన్నాను. "అడిగినోళ్లకు నేను చెప్పుకుంట."

ఆమె వెళ్లింది. ఆమె అంగలు నేను లెక్కపెట్టాను. నలభై రెండు నాకు, ఆమెకు యాభై దాకా పడతాయి. యాభై అయ్యాయి. ఇంకో పది లెక్కపెట్టాను. తెర మీద ఆ వరస చివరి మాట మారింది. ప్రింటరు లోపల ఏదో మేలుకున్నట్టు గుర్రుమంది. కాగితం ఒకటి లోపలికి పోయి, అటువైపు నుంచి బయటికి వచ్చింది.

మొదటి పేరు ఈదమ్మ. కుడి కన్ను. అద్దం నంబరు. ఒక్క అక్షరం తల ఎగిరిపోలేదు.

దాని వెనకే రెండోది. మూడోది. నాలుగోది. ఆగకుండా వచ్చాయి. పొద్దుటి నుంచి ఆమె ఒక్కొక్కటిగా పంపినవన్నీ, పంపిన వరసలోనే, ఒకరి వెనక ఒకరు బస్సు దిగినట్టు దిగాయి. తీసుకోవాలన్న సంగతి కూడా మర్చిపోయి చూస్తూ నిలబడ్డాను. ఆ డబ్బాలో చెయ్యి లేదు, కన్ను లేదు. మూడు గంటలకు పైగా ఇరవై ఆరుగురి కళ్ల లెక్క కడుపులో పెట్టుకుని, ఒక్కటి పోగొట్టకుండా, ఒకరిది ఒకరికి కలపకుండా దాచింది. ముప్పై ఒక్కేళ్లు కార్డులు దాచిన మనిషిని నేను. దాచడం అంటే ఏమిటో నాకు తెలుసు. ఆ డబ్బాకు చెయ్యెత్తి మొక్కాలనిపించింది. మొక్కాను కూడా.

"గుర్వన్నా, మొక్కినంక ఇటియ్యి" అంది కృష్ణమ్మ తలుపులోంచి.

చీటీలు ఇచ్చాను. గడియారంలో పదకొండు గంటల యాభై రెండు నిమిషాలు. ఈదమ్మను మొదట లోపలికి తీసుకుపోయారు. ఆమె చెయ్యి పట్టుకుని తలుపు దాకా నేనే నడిపించాను. వజీరా తన బల్ల దగ్గరే ఉంది. నేను పోయేసరికి తెర మీద ఆ ముల్లు, మినుకుమనే గీత మాత్రమే ఉన్నాయి. ఆమె రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

"వచ్చినయా కాకా?"

"అన్ని వచ్చినయి బిడ్డా. వరసగ."

తల ఊపింది. కళ్లు తుడుచుకుంది. వెంటనే ఆ మెహమూద్ లైన్ ఉన్న పుట తెరిచి చదవడం మొదలుపెట్టింది.

సాయంత్రానికి ఇరవై నాలుగు ఆపరేషన్లు అయ్యాయి. డాక్టరు రైలు కోసం పరుగెత్తాడు. మిగిలిన ఇద్దరినీ వచ్చే నెల అందరికంటే ముందు పెట్టాం. ఈదమ్మ కట్టు మరుసటి పొద్దున విప్పారు. ఆమె కాసేపు గోడ చూసింది, కిటికీ చూసింది, సుక్కమ్మను చూసి, "ఓసి, నీ తల గూడ నెరిసిందా?" అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"కార్డు దీసిన అయ్యవు నువ్వేనా? గొంతు ఇని పొడుగు మనిషి అనుకున్న."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

ఆ పొద్దునే వజీరా నన్ను తన బల్ల దగ్గరికి పిలిచింది. మెహమూద్ చెప్పిన ఆజ్ఞ వెనక ప్రశ్న గుర్తు పెడితే కంప్యూటరే దాని రకాలన్నీ చెబుతుందట. వాటిలో ఒకటి పట్టుకుంది. ఇన్ని సెకన్లు కొత్తది రాకపోతే, ఉన్నది అయిపోయిందనుకుని వదిలెయ్యి అని చెప్పే మాట అది. ఫోనులో మెహమూద్‌ను అడిగితే, "అరే అక్కా, అది పెట్టుడే మర్చిపోయిన, మాఫ్ చెయ్యి" అన్నాడట. వజీరా పది సెకన్లు పెట్టింది. ప్రోగ్రాం తెరిచింది. ఒక ఉత్తుత్తి చీటీ పంపింది. మూయలేదు.

"పో కాకా. జర నిమ్మలంగ నడువు."

నిమ్మళంగానే నడిచాను. నేను నా గది గడప తొక్కేసరికి ప్రింటరు గుర్రుమంది.

తిరిగి వచ్చాక ఆమె చెప్పిన మాట ఇది. "ఇగ మూసే పని లేదు కాకా. నీ రిజిస్టరు తెరిచే ఉంటది. చీటీ గూడ ఆగది."

కట్టుబాటు నాది. తప్పు కూడా నాదే. ఆ పిల్ల దేన్నీ పారేయకుండా రెంటినీ చక్కదిద్దింది. చిల్లు ఎక్కడుందో చూసి, అక్కడే ఒక చుక్క తగరం వేసి, బిందె చేతికిచ్చింది. తర్వాతి నెలలో ఖాసిం కూతురిని చూడటానికి వచ్చినప్పుడు ప్రింటరు చూపించాను. అతను దాని మీద అరచెయ్యి పెట్టి చూసి, "కొలిమి లెక్క ఎచ్చగున్నది" అన్నాడు. కూతురు చేసిన పని నేను మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. అతను విన్నంతసేపూ దాని మీంచి చెయ్యి తీయలేదు.

నల్లగొండ వైపు దవాఖానల నుంచి కూడా తర్వాత పని నేర్చుకోవడానికి మనుషులు వజీరా దగ్గరికి వచ్చారు. వాళ్లందరికీ మొదటి రోజున ఆమె చెప్పే పాఠం ఒకటే. చీటీ రాకపోతే ప్రింటరును తిట్టవద్దు, ఎక్కడ ఆగిందో నీళ్లు నింపి చూడండి అని.

ఆ మంగళవారం ఇరవై ఆరు చీటీల వెనక ఇంకొకటి వచ్చింది. అంకె మారుతుందా అని వజీరా మళ్లీ పంపిన ఇరవై ఏడోది. ఆమె చేతికి మొదట దొరికిన పేరు ఈదమ్మదే కనుక అది కూడా ఈదమ్మ చీటీయే. ఎవరికీ అవసరం లేని కాగితం. దాన్ని నేను తెచ్చుకున్నాను. నా మెప్పు కాగితం ఉన్న అద్దం విప్పించి, దాని పక్కనే పెట్టి మళ్లీ బిగించాను. ఇంటికి వచ్చినవాళ్లు మొదట అధికారి సంతకం చూస్తారు. నేను వేలు పెట్టి రెండోది చూపిస్తాను.